మందుల కొట్టులో జీతం, మందు కొట్టని కూర

నేను విజయనగరం జిల్లా గజపతినగరంలో ఒక ఎరువులు, పురుగుమందుల కొట్టులో లెక్కలు రాస్తాను. పెళ్లి కాకముందు నుంచీ ఇదే పని. మా పాప ఒకటో తరగతి, బాబుకి రెండేళ్లు. పిల్లలకి మందు కొట్టని తిండి పెడుతున్నామని ఎలాగో బయటికి పొక్కింది, అప్పటి నుంచి చుట్టాలూ స్నేహితులూ ఒకటే ఫోన్లు, ఎక్కడ కొంటున్నారు, కిలో ఎంత, నిజంగా ఆర్గానిక్కేనా అని. కొంతమందైతే "మందులమ్మే కొట్టులో కూచుని నీకెందుకురా ఈ గోల" అని నవ్వుతారు. ఆ కొట్టులో కూచున్నాను కాబట్టే ఈ గోల. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, ఆర్గానిక్ షాపులో మేం కొనేది దాదాపు ఏమీ లేదు, కాబట్టి షాపు పేరు కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అసలు ఇది తిండితో మొదలవ్వలేదు, దోమల కాయిల్‌తో మొదలైంది. పాపకి నాలుగేళ్లప్పుడు రాత్రిపూట దగ్గు పట్టుకుంది. పగలంతా బాగానే ఆడుకునేది, పడుకున్న కాసేపటికి మొదలయ్యేది, మా ఆవిడకి తెల్లవార్లూ జాగారమే. విజయనగరంలో పిల్లల డాక్టర్‌కి చూపిస్తే ఆయన ఛాతీ చూసి, మందులు రాసే ముందు అడిగిన మాట, "రాత్రి ఇంట్లో ఏం వెలిగిస్తారు?" అని. మా ఇంటి వెనక కాలువ ఉంది, చీకటి పడితే దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. అందుకని కిటికీలు మూసి, మంచం కింద కాయిల్ పెట్టి, ఫ్యాను వేసుకుని పడుకుంటాం, ఊరంతా అంతే. చైనా, మలేషియా కాయిల్స్ మీద 2003లో ఒక పరిశోధన వచ్చింది, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేదానితో సమానమని అందులో తేలింది. ఇంట్లో ఒక్కడు సిగరెట్ ముట్టిస్తే పిల్లలున్నారు బయటికెళ్లు అంటాం. దీన్ని మాత్రం మనమే వెలిగించి మంచం కిందకి తోస్తాం.

ఆ తర్వాత ఇంట్లో పెద్ద చర్చ. ప్లగ్గుకి పెట్టే లిక్విడ్ వాడదామని మా ఆవిడ అంది. అందులో ఉండేది ట్రాన్స్‌ఫ్లూత్రిన్, మా కొట్టులో అరల్లో ఉండే సైపర్‌మెత్రిన్‌కి చుట్టమే, రెండూ పైరిత్రాయిడ్ జాతివే. పొగ ఉండదు కాబట్టి కాయిల్ కన్నా నయమే, కానీ మూసిన గదిలో రాత్రంతా అదే గాలి. మా అమ్మ వేపాకు, సాంబ్రాణి పొగ వేయమంది. వేపాకు పొగ అయినా పొగే కదమ్మా అంటే, "మీ నాన్నని దాంతోనే పెంచింది మీ నానమ్మ" అంది, దానికి నా దగ్గర సమాధానం లేదు. అలాగని ఊరికే వదిలేయలేం, మలేరియా, డెంగీ ఆడుకునే ప్రాంతం మాది. చివరికి కిటికీలకి వెల్క్రోతో అతికించే దోమల మెష్ వేయించాం, పిల్లల మంచానికి దోమతెర కట్టాం. దోమతెరకి ఒకటే చిక్కు, చీకటి పడకముందే దాన్ని పరుపు కిందకి దోపేయాలి, తర్వాత దోపితే దోమలు లోపల, మనం బయట. శుక్రవారం డ్రై డే అని పంచాయతీ వాళ్లు మైకులో చెప్తారు కదా, కుండీలూ తొట్టెలూ ఖాళీ చేయమని, అది విని నవ్వుకునేవాళ్లం, ఇప్పుడు నిజంగానే చేస్తున్నాం. దగ్గు తగ్గింది. కాయిల్ మానినందుకే తగ్గిందా, డాక్టర్ ఇచ్చిన సిరప్‌కి తగ్గిందా అంటే చెప్పలేను, రెండూ ఒకేసారి జరిగాయి.

కానీ ఆ డాక్టర్ అడిగిన ప్రశ్న నా బుర్రలో ఉండిపోయింది. ఎప్పుడో నెలకోసారి తినే కేకు గురించి కాదు ఆయన అడిగింది, రోజూ రాత్రంతా పీల్చేదాని గురించి. అప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువు చూసినా అదే లెక్క వేసుకోవడం మొదలెట్టాను, ఇది పిల్లల లోపలికి రోజూ పోతోందా, ఎప్పుడైనా పోతోందా అని. రోజూ పోయేదాని మీద పట్టుబట్టాలి, ఎప్పుడైనా పోయేదాని మీద గొడవ పడకూడదు. మేం చేసినవన్నీ ఆ లెక్క ప్రకారం చేసినవే.

ఆ లెక్క వేస్తే కాయిల్ తర్వాత తేలింది కూర కాదు, నా చొక్కా. కొట్టులో పొడి మందుల సంచులు, గుళికల ప్యాకెట్లు దించుతాం, ఎత్తుతాం, ఒక్కోసారి సీసా మూత లీకై అట్టపెట్టె తడిసిపోయి ఉంటుంది. సాయంత్రానికి ఆ వాసన నాకు తెలియదు గాని ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. బండి చప్పుడు వినపడగానే బాబు పరిగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుంటాడు, ఎత్తుకుంటే కాలరు నోట్లో పెట్టుకుని చప్పరిస్తాడు. ఏదైతే రైతులకి "చేతులు కడుక్కోండి, బట్టలు మార్చుకోండి" అని చెప్పి అమ్ముతామో, అదే ఇంటికి మోసుకొచ్చినట్టు. ఇప్పుడు పెరట్లో కుళాయి దగ్గర ఒక తాడు కట్టాను. బండి దిగ్గానే వెనక నుంచి వెళ్లి, చొక్కా ప్యాంటు అక్కడే విప్పి, చేతులూ మొహం సబ్బుతో కడిగి, లుంగీ కట్టుకుని గాని లోపలికి రాను. చెప్పులు బయటే. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా వేరే బకెట్‌లో నానబెడతాం. మొదట్లో బాబు గుమ్మంలో నిలబడి ఏడ్చేవాడు, ఇప్పుడు వాడే "నాన్నా, నీళ్లూ" అని కుళాయి చూపిస్తాడు. పైసా ఖర్చు లేని పని ఇది. పొలంలో మందు కొట్టొచ్చే ప్రతి తండ్రీ చేయాల్సిన పని, నేను బిల్లు ఇచ్చేటప్పుడు చెప్తూనే ఉంటాను, వినేవాళ్లు వింటారు.

డబ్బాల సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. ఊళ్లో మందు డబ్బా ఖాళీ అయితే పారేయడానికి మనసొప్పదు, గట్టి ప్లాస్టిక్, మూత బాగుంటుంది, కడిగి కిరోసిన్‌కో, దొడ్డికి నీళ్లకో, కొందరైతే నూనెకో వాడతారు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు గుర్తుందా? ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. కూరగాయల మీద ఆ మందు వాడకూడదని 2005 నుంచే నిషేధం ఉంది, 36 శాతం ద్రావణాన్ని మొత్తంగా ఆపేస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మా నాన్న పశువుల పాకలో అలాంటి డబ్బాలు వరసగా పెట్టుకునేవాడు. నేను వెళ్లి అన్నిటికీ మేకుతో చిల్లులు పొడిచేశాను. "ఏట్రా, బంగారం లాంటి డబ్బాలు పాడు సేసినావు" అని సాయంత్రం దాకా సణిగాడు.

ఇక కూరల సంగతికొస్తాను, అందరూ అడిగేది దీని గురించే.

మా కొట్టులో ఖాతా పుస్తకం నేనే రాస్తాను. ఏ రైతు, ఏ ఊరు, ఏ పంటకి, ఏ మందు, ఎన్నోసారి, అన్నీ అందులో ఉంటాయి. జనం ఇంటర్నెట్‌లో ఏ కూరలో మందు ఎక్కువ అని వెతుకుతారు, నాకు ఆ పుస్తకం తిరగేస్తే చాలు. వంగ, బెండ, కాలీఫ్లవర్, మిరప, టమాటా, ఈ రైతులు సీజన్లో కొట్టు గుమ్మం వదలరు. వంగకి కొమ్మ, కాయ తొలిచే పురుగు పడితే పురుగు కాయ లోపలికి దూరిపోయి కూచుంటుంది, పైన ఎంత కొట్టినా దానికి తగలదు, తగల్లేదని మళ్లీ కొడతారు. బెండ అయితే రోజు విడిచి రోజు కోస్తేనే లేత, ఆగితే ముదురుతుంది. డబ్బా మీదేమో కోతకి ముందు ఇన్ని రోజులు ఆగాలని చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. రోజు విడిచి రోజు కోసేవాడు ఎన్ని రోజులని ఆగుతాడు? రామభద్రపురం మార్కెట్‌కి పొద్దున్నే పంపకపోతే ఆ కాయ పశువులకే. రైతుని తిట్టి లాభం లేదు, పుచ్చు ఒక్కటి కనపడితే బుట్ట బుట్టంతా వెనక్కి తోసేసేది మనమే.

అదే పుస్తకంలో కంద, చేమ, పెండలం, గుమ్మడి, పనస, అరటికాయ, మునగ, ఈ పేర్లు వెతికినా దొరకవు, లేదా ఏడాదికోసారి కనపడతాయి. గోంగూర, బచ్చలి కూడా తక్కువే. ఆనప, బీర మధ్యలో ఉంటాయి, పండు ఈగ వస్తే కొడతారు, లేకపోతే లేదు. అంతే, మా ఇంటి కూరల పట్టిక ఆ పుస్తకం చూసే తయారైంది. వారంలో నాలుగు రోజులు ఆ మందు తక్కువ కూరలే, మామూలు మార్కెట్లోనే, మామూలు ధరకే. ఆర్గానిక్ అని ఎవరూ రాసి పెట్టరు గాని పనసపొట్టు కూర, కంద పులుసు, మునగాకు పప్పు మన ఉత్తరాంధ్రలో కొత్తవేం కావు కదా, మధ్యలో పిల్లలు తినరని మానేశాం. మా పాప కంద దురదని ముట్టదు, చేమదుంప వేపుడైతే గిన్నె ఖాళీ చేస్తుంది. వంకాయ తినే రోజు ఉప్పు నీళ్లలో, లీటరుకి 20 గ్రాముల చొప్పున, కాసేపు నానబెట్టి మంచినీళ్లతో కడుగుతాం. దీని గురించి కూడా ఒక మాట. పైన అంటుకున్నదే అలా పోతుంది, అదీ కొంత. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క పీల్చుకుని లోపలికి తీసుకునే మందులు, వాటిని ఏ ఉప్పూ, ఏ వెనిగరూ, బజార్లో అమ్మే ఏ కూరగాయల లిక్విడూ కడగలేదు.

అన్నట్టు, మందు భయంతో పిల్లలకి కూరలే తగ్గించేసేవాళ్లని కూడా చూశాను. మా వదిన ఒకావిడ అలాగే చేసి బిస్కెట్లు, మ్యాగీ మీద పడేసింది. కొట్టిన కూర అయినా కడిగి వండి పెట్టడం దానికన్నా వెయ్యి రెట్లు మేలు.

వంకాయ పూర్తిగా మానలేం, మా ఆవిడకి గుత్తొంకాయ ప్రాణం. దానికి దారి కొట్టులోనే దొరికింది. బొండపల్లి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన, నేను బాబాయ్ అంటాను, ఒకసారి మందు తీసుకుంటూ "మా ఇంటికోసం ఆ చివర రెండు సాళ్లు వదిలేస్తాన్లే, ఆటికి కొట్టను" అన్నాడు మామూలుగా. ఆయన ఒక్కడే కాదు, అడిగితే చాలామంది రైతులకి ఇది ఉంది. అమ్మే చేనొకటి, ఇంటి సాళ్లు వేరు. నేను సిగ్గు విడిచి అడిగేశాను, "బాబాయ్, ఆ రెండు సాళ్లలో నాకూ ఇవ్వకూడదా, మార్కెట్ రేటు మీద పది రూపాయలు ఎక్కువ ఇస్తాను" అని. "పుచ్చులుంటాయిరా నాయినా, నీ పెళ్లాం నా మొహాన కొడుద్ది" అన్నాడు. పుచ్చులుంటేనే ఇవ్వండి అన్నాను.

అలా మొదలైంది. ఇప్పుడు ఆయనతో పాటు ఇంకో ఇద్దరు, ఒకాయన బెండ, ఒకావిడ టమాటా, మిరప. ఎవరు కొట్టుకి వస్తే వాళ్లు సంచిలో తెచ్చి నా కుర్చీ వెనక పెట్టేస్తారు. మందు కొనడానికి వచ్చిన మనిషే మందు కొట్టని కాయ తేవడం, మా యజమాని చూసి "జీతం ఇక్కడ, ప్రచారం అక్కడా?" అంటాడు, ఆయనకీ ఒక సంచి ఇప్పించాక ఆ మాట తగ్గింది. పుచ్చు సంగతి మా ఆవిడ మాటల్లోనే చెప్పాలి, "కిలోలో ముప్పావు కిలోయే కూర". కాయని నాలుగు పక్షాలుగా కోసి వెలుతురులో పట్టుకుని చూస్తుంది, నల్లటి సొరంగం కనపడితే ఆ ముక్క తీసేస్తుంది. పాపకి ఇదో ఆట, పురుగు దొరికితే అగ్గిపెట్టెలో వేసి బడికి పట్టుకెళ్తానంటుంది. బాబాయ్‌కి మగ పురుగుల్ని వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టమని, కొమ్మ చివర వాడిపోయి తల వాల్చిన చోట తుంచి కాల్చేయమని చెప్పాను, ఆ రెండు సాళ్లకీ చేస్తున్నాడు, పుచ్చు కొంచెం తగ్గింది. మొత్తం చేనుకి చేయమంటే "కూలి నువ్విస్తావేటి?" అంటాడు.

మరి ముద్ర ఉన్న ఆర్గానిక్ కొంటే సరిపోదా అంటారు. సరిపోతుంది, డబ్బులుంటే. ప్యాకెట్ మీద ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు ఉండాలి, దాంతోపాటు ఎన్‌పీఓపీ గాని, పీజీఎస్ ఇండియా గాని, ఏదో ఒక సర్టిఫికెట్ ఉండాలి. ఎన్‌పీఓపీ అంటే ఏజెన్సీ వచ్చి తనిఖీ చేసి ఇచ్చేది, పీజీఎస్ అంటే రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు చూసుకుని ఇచ్చుకునేది. పీజీఎస్‌లో కూడా పూర్తిగా మారినవాళ్లకి ఒక గుర్తు, మారే దశలో ఉన్నవాళ్లకి ఇంకోటి. 'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్' అని ఆకుపచ్చ అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నా అది ఆర్గానిక్ అని చెప్పినట్టు కాదు. అలాగే తను పండించింది తనే నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి, ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం అయితే, ఆ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. అంటే రైతుబజార్లో కింద గోనె పరుచుకుని కూచున్న మామ్మ "మందు కొట్టలేదు బాబూ" అంటే కాగితం లేదని కొట్టిపారేయక్కర్లేదు. నేను మాత్రం ఒక ప్రశ్న అడుగుతాను, పురుగొస్తే ఏం చేస్తావు మామ్మా అని. పురుగే రాదు అంటే నవ్వి వచ్చేస్తాను. పేడ నీళ్లు చల్లుతాను, వేపాకు కషాయం కొడతాను, బూడిద జల్లుతాను, పోయింది పోద్ది అంటే కూచుని కొంటాను.

బియ్యం సంగతి కష్టమైంది. రోజూ రెండు పూటలా పిల్లల లోపలికి పోయేది అదే కాబట్టి వదలదల్చుకోలేదు. మాకు ఊళ్లో కొద్దిగా పొలం ఉంది, నాన్న చేస్తాడు, శ్రీకాకుళం సన్నాలు వేస్తాడు, రాగోలు పరిశోధన స్థానం వాళ్లు తెచ్చిన ఆర్‌జీఎల్ 2537. నాన్నని ఒప్పించడం కన్నా కలెక్టర్‌ని ఒప్పించడం సులువు. నేను చెప్తే వినలేదు, కొట్టులో మందులమ్ముకునేవాడివి నువ్వా చెప్పేది అన్నాడు. మా ఊళ్లో ప్రకృతి వ్యవసాయం వాళ్ల తరఫున ఒకమ్మాయి తిరుగుతుంది, ప్రభుత్వం 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా నడిపిస్తున్న కార్యక్రమం అది, ఆ అమ్మాయి తన సొంత పొలంలో చేసి చూపించింది. దాన్ని చూసి ఒక మడి వరకే ఒప్పుకున్నాడు, "తిండి గింజల మడి" అని దానికి పేరు పెట్టాడు.

జీవామృతం కలిపిన మొదటి రోజు పిల్లల్ని కూడా తీసుకెళ్లాం. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీద మట్టి ఒక గుప్పెడు. నీడలో పెట్టి పొద్దున, సాయంత్రం కర్రతో ఒకే వైపుకి తిప్పాలి, 48 గంటలకి తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. రెండో రోజుకి పైన బుడగలు లేచి పుల్లటి వాసన కొడుతుంది, పాప ముక్కు మూసుకునే కర్ర పట్టుకుని తిప్పింది. మూత్రం పట్టడం దగ్గరే అసలు కష్టం, ఆవు ఎప్పుడు పోస్తుందో అని మా అమ్మ తెల్లవారుజామున బకెట్ పట్టుకుని కాపలా కాసేది. మొదటి పంటకి దిగుబడి తగ్గింది, నాన్న మొహం చూడలేకపోయాను. రెండో ఏడాది వర్షాలకి ముందే నవధాన్యాలు చల్లి పచ్చిగా దున్నేశాక కొంచెం తేరుకుంది. మిగతా మడులకి ఇప్పటికీ యూరియా వేస్తాడు, మందు కొడతాడు, మా కొట్టు నుంచే తీసుకెళ్తాడు, నేనే బిల్లు రాస్తాను.

బియ్యం నిల్వ చేసేటప్పుడు పురుగు పట్టకుండా కొంతమంది ఇళ్లల్లో సెల్ఫాస్ బిళ్లలు పెడతారు. దయచేసి పెట్టకండి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్, తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో మనుషుల్నే చంపేస్తుంది, ఇళ్లల్లో వాడటానికి అనుమతి కూడా లేదు. మేం ధాన్యంగానే ఉంచి ఎప్పటికప్పుడు ఆడించుకుంటాం, డ్రమ్ములో ఎండిన వేపాకు, కందిపప్పుకి ఆముదం. పురుగు పడితే ఎండలో పోసి చెరుగుతాం. పసిపిల్లల బట్టల్లో కలరా ఉండలు వేయడం కూడా మానేశాం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి ఆ నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది, మన బిడ్డకి ఆ లోపం ఉందో లేదో మనకేం తెలుసు.

బాబుకి టిఫిన్ చోడి అంబలి, అంటే రాగి అంబలి. డబ్బా పౌడర్ల మీద పెట్టే డబ్బుతో ఏడాదికి సరిపడా చోళ్లు వస్తాయి. చోళ్లు రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి తడిగుడ్డలో మూట కడితే మర్నాటికి తెల్లగా మొలకలు గుడ్డని పొడుచుకుని బయటికొస్తాయి. నీడలో ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మరలో ఆడించి, పల్చటి గుడ్డలో జల్లిస్తాం. మరలో మాత్రం జాగ్రత్త, ముందు ఎవరో మిరపకాయలు ఆడించి ఉంటారు, దాని వెంటనే మనది పడితే ఆ రోజు బిడ్డ ఏడుపు వీధంతా వినపడుద్ది. కొంచెం నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి ఉండ కట్టకుండా తిప్పాలి. బెల్లం నల్లటిదే కొంటాం, నిగనిగలాడే పసుపు రంగు బెల్లం హైడ్రోస్ అనే రసాయనం వేసి తెల్లబరిచింది అయ్యుంటుంది. పసుపు కూడా పొడి కొనం, కొమ్ములు కొని ఆడిస్తాం. రంగు కోసం సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది, సీసం పిల్లల మెదడుకి చేటు, ఇంతవరకైతే పర్లేదు అనే మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. కూరలో వేసేది చిటికెడే, కానీ రోజూ.

ప్లాస్టిక్ గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే. వేడివి మాత్రం ప్లాస్టిక్‌లోకి వెళ్లకూడదని ఒక్కటే పెట్టుకున్నాం. హోటల్లో సాంబార్ కవర్లో కట్టించడం మానేసి బండి డిక్కీలో స్టీలు క్యారేజీ పడేశాను. బజ్జీల బండి దగ్గర న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇస్తారు, ప్రింటు సిరా నూనెకి కరిగి తిండిలోకి దిగుతుందని ఫుడ్ సేఫ్టీ వాళ్లు 2016లోనే హెచ్చరించారు. మా బండాయన ఇప్పుడు నన్ను చూడగానే అడ్డాకు తీస్తాడు, "మాస్టారొచ్చారు, ఆకేయండి" అని కేకేసి మరీ.

వేసవిలో మామిడి ఒక్కటే బెంగ. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం, అయినా పైన పసుపుపచ్చగా మెరిసి లోపల పుల్లగా ఉండే కాయలు ఎన్ని చూడలేదు. మనది సువర్ణరేఖ పండే జిల్లా, తోటలోంచి పచ్చికాయలే తెచ్చుకుని వరిగడ్డిలో మాగేస్తాం. రోజూ పిల్లలు గడ్డి ఎత్తి పిసికి చూస్తారు, సగం కాయలకి వేళ్ల గుర్తులే.

మరి పట్టు వదిలేసినవి? చాలా ఉన్నాయి. పుట్టినరోజు కేకు, బడిలో చాక్లెట్లు, మా అత్తగారు కొంగు చాటున పెట్టే క్రీమ్ బిస్కెట్లు. సిరిమాను ఉత్సవానికి విజయనగరం వెళ్తే పాప పీచుమిఠాయి అడుగుతుంది. గులాబీ రంగు కోసం బట్టల అద్దకంలో వాడే రోడమిన్-బి కలుపుతున్నారని 2024లో తమిళనాడులో పీచుమిఠాయే నిషేధించారు, అది చదివాక తెల్లది ఎక్కడైనా దొరుకుతుందేమోనని కోట చుట్టూ తిరిగాం, దొరకలేదు. కొనిచ్చాను. మా ఆవిడ కళ్లెర్రజేసింది గాని ఏడాదికి ఒక్కరోజు అది.

ఖర్చు అడిగారు కాబట్టి చెప్తాను. బియ్యం, చోళ్లు, పప్పుల్లో పెద్దగా పెరగలేదు, ఇంటి సాళ్ల కూరలకి కిలోకి పది రూపాయలు ఎక్కువ, పుచ్చు తీసేసింది కలుపుకుంటే ఇంకొంచెం. గానుగ నువ్వులనూనె ఒక్కటే జేబుకి గట్టిగా తగులుతుంది, అందుకని దాన్ని పచ్చళ్లకీ, పిల్లల అన్నంలోకీ ఉంచి వేపుళ్లకి మామూలు నూనే వాడుతున్నాం. పౌడర్లు, కాయిల్స్, బిస్కెట్లు తగ్గినది అటు పోతుంది. ఎక్కువ అయింది డబ్బు కాదు, మా ఆవిడ పని. తను ప్రైవేటు బడిలో టీచరు, పొద్దున్నే అంబలి, పుచ్చులు ఏరడం, సాయంత్రం దోమతెర. అందుకని చోళ్లు మొలకెత్తించి ఆడించేది, కూరలు తరిగేది ఇప్పుడు నా వంతు.

పాలూ గుడ్లూ ఇంకా మామూలువే. పాలకి తెలిసిన ఆవిడ ఉంది గాని ఆవుకి ఏం మేపుతుందో కనుక్కోవాలి, మొక్కజొన్న చేలో మందు కొట్టిన మర్నాడే గడ్డి కోసుకెళ్లడం కొట్టు గుమ్మంలోంచే చూస్తుంటాను. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాటుకోళ్లు నాలుగు తెచ్చి పెరట్లో వదులుదామని మా ఆవిడ అంటోంది, పిల్లి బెడద ఒకటి తేలాలి. బొండపల్లి బాబాయ్ వచ్చే పంటకి నాలుగు సాళ్లు వదులుతానన్నాడు, మా యజమానికీ, డాక్టర్ గారికీ కూడా కావాలంట. మీకూ కావాలంటే నన్ను అడక్కండి, నా దగ్గర అంత కాయ లేదు. మీ దగ్గర్లో కూర పండించే రైతుని పట్టుకుని మీ ఇంటి సాళ్లు ఏవి అని అడగండి.